గోధుమ రంగు వలయం: తిరుపతిలో నా ప్రొస్టేట్ ప్రాజెక్టు డైరీ

మే, జాతర అయిపోయిన వారం

గంగమ్మ జాతర ముగిసిన మూడో రోజు ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం చేతికొచ్చింది. పాథాలజీ ఎండీలో నాది రెండో ఏడాది. ఇక థీసిస్ పని మొదలుపెట్టొచ్చు. మగవాళ్ళలో మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి వయసుతో మామూలుగా పెరగడం ఒకటి, అందులో క్యాన్సర్ పుట్టడం ఇంకొకటి. ఈ రెండింట్లో కణాల లోపలి ప్రొటీన్లు ఎక్కడ కనిపిస్తాయి, ఎక్కడ మాయమవుతాయి, వాటిని చూసి ఇది అది కాదని ఎంత ధైర్యంగా చెప్పగలం అన్నదే నా పని.

ఈ విషయమే ఎందుకంటే మా తాత. పాకాల పక్క పల్లెలో వేరుశనగ పండించేవాడు. రాత్రి నాలుగైదు సార్లు మూత్రానికి లేచేవాడు, ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు పూర్తిగా బిగిసిపోయింది. పొట్ట పట్టుకుని మెలికలు తిరుగుతుంటే ఆటోలో తిరుపతికి తెచ్చారు. గొట్టం వేశారు, ఆపరేషన్ చేశారు, తీసిన ముక్కలను పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. చివరికి మామూలు పెరుగుదలే అని వచ్చింది. ఆ ఒక్క లైను రాసిన డాక్టర్ ఎవరో మాకు తెలియదు. ఇప్పుడు ఆ లైను రాసే గదిలో నేను కూర్చుంటున్నాను.

ఆ ఆపరేషన్‌ను మా దగ్గర అందరూ టర్ప్ అంటారు. మూత్రనాళం గుండా సన్నని పరికరం పంపి, దారికి అడ్డుపడిన గ్రంథిని ముక్కలు ముక్కలుగా చెక్కి తీస్తారు. ఆ ముక్కలు చిప్స్. ఫార్మలిన్ డబ్బాలో ఎండు కొబ్బరి చెక్కుల్లా ఉంటాయి, ముట్టుకుంటే రబ్బరులా సాగుతాయి. మామూలు పెరుగుదల మూత్రనాళం చుట్టూ ఉండే ట్రాన్సిషన్ జోన్‌లో వస్తుంది. క్యాన్సర్ ఎక్కువగా పుట్టేది వెనకవైపు, మలాశయానికి ఆనుకుని ఉండే పెరిఫెరల్ జోన్‌లో. డాక్టర్లు వేలితో పరీక్ష చేసేది అందుకే. అంటే చిప్స్‌లో చాలావరకు మామూలు పెరుగుదలే దొరుకుతుంది, ఎప్పుడో ఒకసారి ఎవరూ అనుకోని క్యాన్సర్ బయటపడుతుంది. నాకు రెండూ కావాలి కాబట్టి సూదితో తీసిన బయాప్సీ బ్లాకులు (మైనంలో పోసి దాచిన ముక్కలు) కూడా జాబితాలో రాసుకున్నాను.

జూన్, మొదటి రెండు వారాలు

పాత రిజిస్టర్లు తిరగేసి బ్లాకులు వెతకడమే సరిపోయింది. 20 మామూలు పెరుగుదల బ్లాకులు, 20 క్యాన్సర్ బ్లాకులు తీసి పక్కన పెట్టాను. పేర్లన్నీ తీసేసి నంబర్లు మాత్రమే ఉంచుకున్నాను. మ. అంటే మామూలు, క్యా. అంటే క్యాన్సర్.

ఈ ఎండకు మైనం బ్లాకు మెత్తబడుతుంది. కత్తి కిందకు పోగానే కోసిన పొరల రిబ్బన్ ముడతలు పడి ముద్దవుతోంది. మా టెక్నీషియన్ అన్న పొద్దున ఏడింటికే వస్తున్నాడు. "ఎండెక్కక ముందే కోసేద్దాం మేడమ్, పదైతే ఇంక అది మాట వినదు" అంటాడు. బ్లాకులను ఐసు ట్రే మీద బోర్లించి పావుగంట ఉంచి, మైక్రోటోమ్ అనే కోసే యంత్రానికి బిగించి, 4 మైక్రాన్ల మందంలో కోస్తాడు. వెంట్రుక మందంలో దాదాపు ఇరవయ్యో వంతు. రిబ్బన్ గోరువెచ్చని నీళ్ళ మీద పడగానే ముడతలన్నీ తమంతట తాము విప్పుకుంటాయి. పెద్ద చీర మడత విప్పి పరిచినట్టు. కింద నుంచి స్లైడు ఏటవాలుగా పెట్టి దాన్ని పైకెత్తాలి. మొదటి వారం నేను ఎత్తినవాటిలో సగం మడతపడ్డాయి. రెండో వారానికి చెయ్యి కుదిరింది.

జూన్ చివర

ఏ ప్రొటీన్లను చూడబోతున్నానో ఇక్కడ రాసిపెట్టుకుంటాను. తర్వాత ఎవరైనా జూనియర్ చదివితే పనికొస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న ప్రొస్టేట్‌లో ఒక్కో చిన్న గ్రంథికీ రెండు వరుసల కణాలు ఉంటాయి. లోపలివి పొడుగ్గా ఉండి స్రావాన్ని తయారు చేస్తాయి. వాటి అడుగున, బయటి అంచు వెంబడి, చదునుగా ఉండే బేసల్ కణాలు వలయంలా చుట్టుకుని ఉంటాయి. చేను చుట్టూ కంచె ఉన్నట్టే. మామూలు పెరుగుదలలో గ్రంథి ఎంత పెద్దదైనా, ఎన్ని మడతలు పడినా ఆ కంచె నిలిచే ఉంటుంది. క్యాన్సర్‌లో ఉండదు. లోపలి కణాలు ఒక్క వరుసగా, కంచె లేకుండా, పక్కనున్న కండలోకి చొచ్చుకుపోతాయి.

చిక్కేమిటంటే, రోజూ వాడే గులాబీ, నీలం రంగుల హెచ్ అండ్ ఈ స్లైడులో ఆ బేసల్ కణాలు చాలాసార్లు సరిగ్గా కనబడవు. కనబడినా అది బేసల్ కణమా, పక్కనున్న కండ కణమా అని అనుమానం వస్తుంది. అందుకే వాటిలో మాత్రమే ఉండే ప్రొటీన్లకు, వాటిని వెతికి పట్టుకునే యాంటీబాడీల సాయంతో, రంగు ఎక్కిస్తాం. పీ63 అనేది కేంద్రకంలో ఉండే ప్రొటీన్. 1998లో దీని జన్యువును గుర్తించారు. బేసల్ కణం కేంద్రకం మీద ముదురు గోధుమ చుక్కగా పడుతుంది. 34 బీటా ఈ12 అనే యాంటీబాడీ అవే కణాల కెరాటిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది, కాబట్టి చుక్క కాకుండా కణమంతా గోధుమ గీతలా కనిపిస్తుంది. ఒకటి కేంద్రకాన్ని, ఇంకొకటి ఒంటిని చూపిస్తాయన్నమాట.

మూడోది ఏఎంఏసీఆర్. ఇది వీటికి తలకిందులు. క్యాన్సర్ కణాల్లో ఎక్కువగా తయారయ్యే ఎంజైమ్. కొమ్మలున్న కొవ్వు ఆమ్లాలను కణం కరిగించుకునే పనిలో సాయం చేస్తుంది. ఆ కొవ్వులు మనకు పాలు, పెరుగు, వేటమాంసం నుంచి వస్తాయి. ఇది చదివి ఎవరూ పెరుగు మానేయొద్దు, ఆ ఎంజైమ్ పనేమిటో చెప్పడానికే రాశాను. 2000 నుంచి 2002 మధ్య ఇది ప్రొస్టేట్ క్యాన్సర్ గుర్తుగా వెలుగులోకి వచ్చింది. మైక్రోస్కోపులో చూస్తే కణం లోపల రవ్వ చల్లినట్టు గింజలు గింజలుగా పడుతుంది.

అంటే క్యాన్సర్ అని చెప్పాలంటే పీ63, 34 బీటా ఈ12 రెండూ లేకుండా పోవాలి, ఏఎంఏసీఆర్ రావాలి. రాసుకోవడానికి ఇంత తేలిగ్గా ఉంది.

వీటితోపాటు కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయో చెప్పే కేఐ-67ను కూడా చేర్చాను. జర్మనీలోని కీల్ నగరంలో, 96 గుంటల ప్లేటులో 67వ గుంటలో దొరికిన యాంటీబాడీ కాబట్టి దానికి ఆ పేరు. 1983 నాటి పని. ఒక ఊరి పేరూ ఒక గుంట నంబరూ ప్రపంచమంతటా పాథాలజీ రిపోర్టుల్లోకి చేరాయి.

జులై

స్లైడ్ల మీద నుంచి ముక్కలు ఊడిపోతున్నాయి. రంగు వేసేముందు స్లైడ్లను బఫర్ అనే ద్రావణంలో ఉడికించాలి. బయటికి తీసేసరికి సగం గాజు ఖాళీ, ముక్క అడుగున తేలుతోంది. మామూలు స్లైడ్లకు గుడ్డు తెల్లసొన పూసి వాడేది మా అలవాటు. హెచ్ అండ్ ఈకి అది చాలు, ఉడకబెట్టే పనికి నిలవదు. పాలీ లైసీన్ పూసిన స్లైడ్లు తెప్పించాను. 60 డిగ్రీల ఓవెన్‌లో గంటసేపు కాల్చాక ఇప్పుడు గట్టిగా అంటుకుంటున్నాయి. మూడు వారాలు పోయాయి, అంతకుమించి రాయడానికేం లేదు.

ఆగస్టు, మొదటి వారం

మొదటి పూర్తి బ్యాచ్. 8 స్లైడ్లకు పీ63.

పద్ధతి ఇది. మైనం కరిగించి తీసేయాలి. తర్వాత బఫర్‌లో ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించాలి. ఫార్మలిన్ ప్రొటీన్లను ఒకదానితో ఒకటి ముడివేసి బిగించేస్తుంది, యాంటీబాడీ తగలాల్సిన చోటు మూసుకుపోతుంది. వేడి ఆ ముడులను వదులు చేస్తుంది. 1991లో షాన్‌రాంగ్ షీ బృందం ఈ ఉడికించే పద్ధతిని చూపించేదాకా ఇలా మైనం బ్లాకుల్లో దాచిన ముక్కల మీద చాలా యాంటీబాడీలు పనిచేసేవే కావు. చల్లారాక కణాల్లో సహజంగా ఉండే పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఆపేసి, యాంటీబాడీ చుక్కలు వేసి, మూత ఉన్న తడి డబ్బాలో ఉంచాలి. ఆ తర్వాత రెండో రియేజెంట్, చివర్లో డ్యాబ్ అనే రంగు రసాయనం. యాంటీబాడీ అతుక్కున్న చోట డ్యాబ్ గోధుమ రంగుగా తేలుతుంది. డ్యాబ్‌ను గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు, సింకులో పారబోయకూడదు. మా అన్న దానికి విడిగా ఒక సీసా పెట్టి ఎర్ర టేపు అంటించాడు.

సాయంత్రం ఆరింటికి మైక్రోస్కోపు కింద పెట్టాను. క్యాన్సర్ స్లైడ్లలో గ్రంథుల చుట్టూ గోధుమ రంగు లేదు. అచ్చం పుస్తకంలో ఉన్నట్టే ఉందని సంతోషంతో మా గైడ్ సార్ దగ్గరికి పరుగెత్తాను.

సార్ ఐపీస్‌లో చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు. స్లైడును అటూ ఇటూ జరిపాడు. తర్వాత అడిగాడు.

"పక్కనున్న మంచి గ్రంథిని చూసినావా అమ్మా?"

నేను చూడలేదు. క్యాన్సర్ గ్రంథుల మీదే కన్ను పెట్టుకున్నాను. సార్ లెన్స్‌ను అదే ముక్క అంచుకు జరిపాడు. అక్కడ పెద్ద పెద్ద మడతలతో, మధ్యలో గట్టిపడిన స్రావపు గుండ్రటి ఉండలతో మామూలు గ్రంథులు ఉన్నాయి. వాటి చుట్టూ కూడా గోధుమ రంగు లేదు. ఒక్క చుక్క లేదు.

"దీన్ని నమ్మితే ఈ పెద్దాయన ప్రొస్టేట్ మొత్తం క్యాన్సరే అని రాయాల. లేనిది లేదని చెప్పాలంటే, ఉండాల్సిన చోట ఉన్నట్టు ముందు కనబడాల కదమ్మా."

ఆ రాత్రి హాస్టల్‌లో నిద్ర పట్టలేదు. ఎనిమిది స్లైడ్లూ ఒప్పుగా కనిపించాయి, ఎనిమిదీ తప్పు. సార్ అడగకపోయి ఉంటే నేను వాటిని పట్టికలో ఎక్కించేదాన్ని.

ఆగస్టు, మూడో వారం

తప్పు ఎక్కడుందో వెతికాను. ఒకేసారి అన్నీ మార్చొద్దని సార్ గట్టిగా చెప్పాడు. ఒక్కటి మార్చు, చూడు, రాసుకో, తర్వాత రెండోది.

మొదట కుక్కర్. అన్న మూత తిప్పి చూసి గాస్కెట్ గట్టిపడి చీలిందని పట్టుకున్నాడు. ఆవిరి పక్క నుంచి పోతోంది, లోపల ప్రెషర్ నిలవడం లేదు, అంటే వేడి 100 డిగ్రీలు దాటడం లేదు. నేను విజిల్ వచ్చేదాకా ఆగకుండా గడియారం చూసి దించేస్తున్నాను. గాంధీ రోడ్డులో పాత్రల కొట్టుకు వెళ్ళి కొత్త గాస్కెట్ తెచ్చాను. అదే బఫర్‌తో మళ్ళీ చేస్తే మామూలు గ్రంథుల చుట్టూ లేత గోధుమ రంగు వచ్చింది. ఉందా లేదా అని కళ్ళు చికిలించుకుని చూడాల్సినంత లేత.

రెండోది బఫర్. నేను వాడుతున్నది పీహెచ్ 6 ఉన్న సిట్రేట్. దాన్ని పక్కనపెట్టి పీహెచ్ 9 ఉన్న ట్రిస్ ఈడీటీఏ కలిపాను. పీహెచ్ మీటరును ముందు సరిచూసుకున్నాను. అది కూడా కొద్దిగా తప్పు చూపిస్తోంది.

ఈసారి లెన్స్ ఫోకస్ అవ్వగానే కనిపించింది. మ. 7 నంబరు చిప్‌లో గ్రంథి చుట్టూ ముదురు గోధుమ చుక్కలు, ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా తెగకుండా. రుద్రాక్ష మాల పరిచినట్టు. గ్రంథి లోపలికి మడత పడిన చోట మాల కూడా దాంతోపాటే మడత పడింది. నేను అన్నను పిలిచి చూపించాను. ఆయన ఇరవై ఏళ్ళుగా స్లైడ్లు చేస్తున్నాడు, చూడమని ఎవరూ అంతగా పిలవరు. చాలాసేపు ఐపీస్ నుంచి కన్ను తీయలేదు. "ఇంత చక్కగా ఉంటదా మేడమ్" అన్నాడు.

ఈ రోజు నుంచి నా పట్టికలో ఒక కొత్త గడి చేర్చాను. ఫలితం కంటే ముందు వచ్చే గడి. "అదే ముక్కలో మంచి గ్రంథికి రంగు పట్టిందా?" అవును అని రాశాకే తర్వాతి గడికి పోతాను. కాదు అయితే ఆ స్లైడు లెక్కలోకి రాదు.

సెప్టెంబరు, బ్రహ్మోత్సవాల ముందు

కొండకు వెళ్ళే బస్సులు పెరిగాయి. అలిపిరి వైపు రోడ్డు సాయంత్రం దాటడమే కష్టంగా ఉంది. అందుకని పొద్దున్నే ల్యాబ్‌కు వచ్చేస్తున్నాను.

గోధుమ రంగు బాగుంది కానీ మిగతా కేంద్రకాలు నీలంగా కాకుండా వంకాయ రంగులో ఉంటున్నాయి. గోధుమకూ దీనికీ తేడా తెలియడం లేదు. నాలుగు రోజులు తల బద్దలు కొట్టుకున్నాం. చివరికి దొరికింది. కేంద్రకాలకు పట్టే హెమటాక్సిలిన్ రంగు వేశాక నీళ్ళలో ఉంచితే ఎరుపు తిరిగి నీలం అవుతుంది, దాన్నే బ్లూయింగ్ అంటాం. అది జరగాలంటే నీళ్ళలో కొంచెం క్షారం ఉండాలి. ఇంతకాలం కొళాయి కింద పెట్టేవాళ్ళం, ఆ ఉప్పు నీళ్ళలో చక్కగా నీలం తిరిగేది. ఈ నెల నేను శుభ్రంగా ఉంటాయని ఆర్వో నీళ్ళు వాడడం మొదలుపెట్టాను. అందులో ఆ లవణాలే లేవు. నీళ్ళలో రెండు చుక్కల అమ్మోనియా వేసి ముంచి తీశాం. కళ్ళ ముందే నీలం తిరిగింది.

పీఎస్ఏ గురించి అందరూ అడుగుతున్నారు. "రక్తపరీక్షలో పీఎస్ఏ పెరిగితే క్యాన్సర్ అంటారు కదా, ముక్కలోనూ దానికే రంగు వేస్తే సరిపోదా?" అని ఇంటికి ఫోన్ చేసినప్పుడు మా నాన్న కూడా అడిగాడు. మంచి ప్రశ్న. సమాధానం నాకు చాలా ఇష్టం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

పీఎస్ఏ క్యాన్సర్ ప్రొటీన్ కాదు, ప్రొస్టేట్ ప్రొటీన్. గడ్డకట్టిన వీర్యాన్ని పలచబరిచే ఎంజైమ్ అది. మామూలు గ్రంథి, పెరిగిన గ్రంథి, క్యాన్సర్ గ్రంథి మూడూ తయారు చేస్తాయి. వీర్యంలో దాని మోతాదు రక్తంలో ఉండేదానికి దాదాపు పది లక్షల రెట్లు. అంటే గ్రంథి అంతటి ప్రొటీన్‌ను లోపలే దాచుకుని రక్తంలోకి పోనివ్వకుండా కాపాడుకుంటోంది. క్యాన్సర్‌లో బేసల్ కణాల వలయం పోతుంది, దాని కిందున్న పొర చెదురుతుంది, పీఎస్ఏ రక్తంలోకి కారుతుంది. ఒక్కో క్యాన్సర్ కణం మామూలు కణం కంటే ఎక్కువ పీఎస్ఏ చేయదు, నిజానికి తక్కువే చేస్తుంది. గ్రంథి బాగా పెరిగినా, ఇన్ఫెక్షన్ వచ్చినా కూడా రక్తంలో అది పెరుగుతుంది. అందుకే ఒక్క అంకె చూసి ఎవరూ భయపడాల్సిన పని లేదు, ఎవరూ నిర్లక్ష్యం చేయాల్సిన పనీ లేదు.

ముక్కలో పీఎస్ఏ రంగు వేస్తే మామూలుకూ క్యాన్సర్‌కూ రెండింటికీ పడుతుంది. అది పనికొచ్చే చోటు వేరు. వెన్నుపూసలో గడ్డ దొరికింది, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, అక్కడ పీఎస్ఏ రంగు పడితే మూలం ప్రొస్టేట్ అని తెలుస్తుంది. నా ప్రశ్న అది కాదు కాబట్టి దాన్ని థీసిస్ నుంచి తీసేశాను.

అక్టోబరు

ఏఎంఏసీఆర్ మొదలుపెట్టాను. కంట్రోల్‌గా కిడ్నీ ముక్క పెట్టాం. కిడ్నీలోని ప్రాక్సిమల్ నాళికలకు ఈ రంగు గట్టిగా పడుతుంది, పడితే పద్ధతి సరిగ్గా ఉన్నట్టు.

మొదటి బ్యాచ్‌లో మామూలు పెరుగుదల స్లైడ్లలోనూ చాలాచోట్ల లేత గోధుమ పొగలా వచ్చింది. నేను వాటిని "పాజిటివ్" అని రాసేశాను. సార్ కొట్టేశాడు. ఏఎంఏసీఆర్ గింజలుగా ఉండాలి, కణం పైభాగంలో గుట్టగా ఉండాలి, తక్కువ పవర్‌లోనే కంటికి కొట్టాలి. పొగ లెక్క కాదు. డ్యాబ్‌ను నేను పది నిమిషాలు ఉంచుతున్నాను. ఐదుకు తగ్గించాను, యాంటీబాడీని ఇంకొంచెం పలచన చేశాను. పొగ పోయింది, క్యాన్సర్ గ్రంథుల్లో రవ్వ మిగిలింది.

అయినా ఇది నమ్మకమైన సాక్షి కాదు. కొన్ని క్యాన్సర్లకు అసలు పట్టదు. నురగ లాంటి కణాలుండే ఫోమీ రకంలో, మామూలు పెరుగుదలలా కనిపించే రకంలో తరచుగా తక్కువగా ఉంటుంది. ఇంకా క్యాన్సర్ కాని, దానికి ముందు దశగా చూసే హెచ్‌జీ-పిన్‌లో గట్టిగా పడుతుంది, కానీ అక్కడ బేసల్ వలయం తెగుతూ అయినా ఉంటుంది. అందుకే పెద్ద సెంటర్లలో ఈ మూడింటినీ ఒకే స్లైడు మీద, బేసల్ కణాలు గోధుమగా, ఏఎంఏసీఆర్ ఎర్రగా వచ్చేట్టు కలిపి వేస్తారు. మా దగ్గర ఆ కిట్ లేదు. వరుస సెక్షన్ల మీద ఒక్కోటి వేసి, ఒకే గ్రంథిని మూడు స్లైడ్లలో వెతికి పట్టుకుంటున్నాను. ఒక్కో కేసుకు గంట పడుతుంది.

క్యాన్సర్ బ్లాకులను గ్లీసన్ పద్ధతిలో విడదీయడం కూడా పూర్తయింది. 1966లో డొనాల్డ్ గ్లీసన్ కణం ఎలా ఉందో చూడకుండా గ్రంథులు ఏ ఆకారంలో పేరుకున్నాయో మాత్రమే చూసి గ్రేడ్ ఇచ్చాడు. 2014లో దాన్ని ఐదు గ్రేడ్ గ్రూపులుగా సర్దారు. ఈ భాగం సాఫీగా అయింది.

నవంబరు, వాన

నాలుగు రోజులుగా వాన వదలడం లేదు. కపిలతీర్థం దగ్గర జలపాతం నిండుగా దూకుతోందని జనం గొడుగులు పట్టుకుని చూడ్డానికి పోతున్నారు. కరెంటు మధ్యాహ్నం పోయి రాత్రికి వచ్చింది. యాంటీబాడీ సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మోకోల్ డబ్బాలో ఐసు ప్యాకెట్లు పేర్చి వాటిని అందులోకి మార్చి, లోపల థర్మామీటర్ పెట్టి గంటగంటకూ చూశాం. పాడవలేదు.

ఈ వారం రాయాల్సింది మాత్రం వేరే ఉంది.

థీసిస్ కేసు కాదు, రోజువారీ కేసు. టర్ప్ చిప్స్. హెచ్ అండ్ ఈలో ఒక్క ముక్కలో, ఒక్క మూలలో, చిన్న చిన్న గ్రంథులు పదిహేను దాకా గుంపుగా. మామూలు గ్రంథుల కంటే చాలా చిన్నవి, బాగా దగ్గర దగ్గరగా. చూడగానే గుండె ఝల్లుమంది. కణాల్లో కేంద్రకం మధ్య చుక్క, అంటే న్యూక్లియోలస్, కనిపిస్తోంది కానీ క్యాన్సర్‌లో ఉన్నంత పెద్దగా లేదు. గుంపు అంచు గుండ్రంగా ఉంది, పక్క కండలోకి పాకలేదు. నాకు తేలలేదు. సార్ కూడా చూసి "మీ పీ63 వెయ్యమ్మా" అన్నాడు.

వేశాం. పక్కనున్న పెద్ద గ్రంథులకు రుద్రాక్ష మాలలు చక్కగా ఉన్నాయి, కంట్రోల్ పాస్. గుంపులోని చిన్న గ్రంథులకు లేదు. ఒకటి చూశాను, లేదు. రెండు, మూడు, నాలుగు, లేదు. ఏఎంఏసీఆర్ కూడా లేతగా అక్కడక్కడా ఉంది. ఈసారి పద్ధతి తప్పని చెప్పుకోవడానికీ లేదు.

అదే రోజు మధ్యాహ్నం ఆయన కొడుకు రిపోర్టు కౌంటర్ దగ్గరికి వచ్చాడు. పలమనేరు వైపు నుంచి బస్సెక్కి, వానలో తడిసి, చీటీని ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని. "మేడమ్, మా నాయన రిపోర్టు వచ్చిందా? ఈ వారంలో మూడోసారి వస్తాండా." ఇంకొక పరీక్ష జరుగుతోందని, రెండు రోజులు పడుతుందని చెప్పాను. ఏ పరీక్ష అని ఆయన అడగలేదు. నా మొహం చూసి అర్థం చేసుకున్నాడని అనిపించింది. "ఏమన్నా ఉంటే నాకే చెప్పండి మేడమ్, ఆయనకు చెప్పొద్దండి" అని వెళ్ళిపోయాడు.

అన్నను అడిగాను, బ్లాకులో ఇంకా లోతుకు వెళ్దామని. గుంపు చిన్నది, ఎక్కువ కోస్తే పూర్తిగా అరిగిపోతుంది. ఆయన ఒక్క సెక్షన్ కూడా వృథా కాకుండా, రిబ్బన్‌లో ప్రతి ముక్కనూ వరుస నంబరుతో స్లైడుకెక్కించాడు. మూడు లోతుల్లో పీ63, మధ్యలో 34 బీటా ఈ12.

మొదటి లోతులో ఏమీ లేదు. రెండో లోతులో గుంపు మధ్యలో ఒక గ్రంథి అంచున రెండు గోధుమ చుక్కలు. రెండే. నేను నూనె లెన్స్ వేసి చూశాను. కేంద్రకాలే, మట్టి కాదు, డ్యాబ్ మరక కాదు. పక్క గ్రంథిలో ఒకటి. 34 బీటా ఈ12 స్లైడులో అదే చోట సన్నని గోధుమ గీత, తెగి తెగి, మూడు నాలుగు గ్రంథుల చుట్టూ. మూడో లోతులో ఇంకొన్ని.

దీని పేరు అడినోసిస్. ఎక్కువగా ట్రాన్సిషన్ జోన్‌లో వస్తుంది, టర్ప్ చిప్స్‌లోనే ఎక్కువగా తగులుతుంది, తక్కువ గ్రేడ్ క్యాన్సర్‌ను అచ్చుగుద్దినట్టు పోలి ఉంటుంది. ఇందులో బేసల్ వలయం తెగిపోయి ఉంటుంది, కొన్ని గ్రంథులకు అసలు కనబడకపోవచ్చు, కానీ గుంపు మొత్తం మీద ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటుంది. ఇది క్యాన్సర్ కాదు. నా మొదటి స్లైడులో ఆ నాలుగు గ్రంథులు చూసి ఆపేసి ఉంటే, పక్కన కంట్రోల్ ఎంత బాగున్నా, ఆ పెద్దాయన మీద నేను క్యాన్సర్ ముద్ర వేసేదాన్ని.

సార్ ఇంకొక సీనియర్ డాక్టర్‌కు కూడా చూపించారు. ఇద్దరూ ఒప్పుకున్నారు. రిపోర్టు నేనే టైపు చేశాను. కొడుకు మర్నాడు పొద్దున్నే వచ్చాడు. కాగితం మీద ఇంగ్లీషు చదవలేక నా వైపు చూశాడు. "క్యాన్సర్ లేదన్నా. వయసుకు గ్రంథి పెరిగింది, అంతే. మూత్రం డాక్టర్ గారికి చూపించండి, పీఎస్ఏ అప్పుడప్పుడు చూపించుకుంటూ ఉండండి" అన్నాను. ఆయన కౌంటర్ గట్టు మీద తల ఆనించి కొంతసేపు అలాగే ఉన్నాడు. మా తాత రిపోర్టు వచ్చిన రోజు మా అమ్మ కూడా వంటింటి గడపకు ఇలాగే ఆనుకుని నిలబడింది.

డిసెంబరు

పట్టికలో రెండో గడి కూడా చేర్చాను. "గుంపులో ఎన్ని గ్రంథులు చూశావు, ఎన్నింటికి వలయం లేదు?" ఇంతకుముందు "లేదు" అని ఒక్క మాట రాసేదాన్ని. ఇప్పుడు అంకె రాయాలి. పాత స్లైడ్లన్నీ మళ్ళీ తీసి లెక్కపెడుతున్నాను. కేఐ-67 లెక్క ఇంకా సగంలోనే ఉంది.

కొత్త ఇబ్బంది ఒకటి. సూది బయాప్సీల్లో కొన్ని దారాల్లాంటి ముక్కలు పూర్తిగా క్యాన్సర్‌తోనే నిండి ఉన్నాయి. క్యా. 3, క్యా. 11, క్యా. 16. వాటిలో మంచి గ్రంథి ఒక్కటీ లేదు, నా మొదటి గడి నిండదు. సార్‌తో మాట్లాడి దారి కనిపెట్టాం. మ. 7 బ్లాకులో ఇంకా చాలా మిగిలుంది. దాన్నుంచి ఒక చిన్న పట్టీ కోసి ప్రతి స్లైడు పై అంచున అంటిస్తాం. అదే గాజు, అదే కుక్కర్, అదే చుక్క యాంటీబాడీ. పైన మాల కనిపిస్తేనే కింద చూస్తాను.

అన్న ఈ సాయంత్రం మొదటి మూడు స్లైడ్లు సిద్ధం చేశాడు. పైన మామూలు గ్రంథి పట్టీ, కింద క్యాన్సర్ దారం, మధ్యలో వజ్రపు పెన్నుతో సన్నని గీత. ఓవెన్‌లో పెట్టి టైమర్ తిప్పాడు. రేపు ఏడింటికి కుక్కర్ పెడతాం.